రెండో ఎక్కం

పొద్దున్న ఏడున్నరకి ఫ్యాక్స్ మిషన్
నాలుక బయటపెట్టి ఒక అంకె చూపిస్తుంది.
రేపు అవతలి ఫ్యాక్టరీలో
ఎన్ని బళ్ళు లైను దిగుతాయో, ఆ అంకె.
నేను దాన్ని రెండుతో గుణిస్తాను.
అంతే నా ఉద్యోగం.

టాపు విప్పుకునే చిన్న బండి. రెండే సీట్లు.
వెనక సీటంటూ ఉంటే లెక్క తప్పేదేమో,
దీనికి తప్పదు.
హిరోషిమా పక్కన, కైతాలో, మా సీట్ల షెడ్డుకి
ముప్ఫై ఒక్క ఏళ్ళు
రెండో ఎక్కమే అన్నం పెట్టింది.

మొదట్లో ఎవరూ నమ్మలేదు.
పిల్లలున్నవాడు కొనడు,
పెళ్ళికానివాడి దగ్గర డబ్బుండదు
అన్నాడు మా మేస్త్రీ నారాహాషి.
మరుసటి వేసవికి అంకె మూడొందలు.
రెండు మూళ్ళు ఆరు, వెనక రెండు సున్నాలు.
కుట్టుమిషన్లు రాత్రిళ్ళు కూడా చల్లారలేదు.
తోమియె వేలికి సూది దిగినా
నెత్తురు చప్పరించి,
"ఈ సీటు కాలిఫోర్నియాకి" అనేది.
రేవులో ఓడలన్నీ
మా దారం కోసమే ఆగాయనుకునేవాళ్ళం.

గోడమీద గ్రాఫు గీసేది నేనే.
ఎర్ర పెన్సిల్ అమ్మకం, నీలం పెన్సిల్ తయారీ.
ఎరుపు ముందు నడుస్తుంది,
నీలం దాని వెనక పరిగెత్తుతుంది,
అందుకునే సరికి
ఎరుపు అప్పటికే దిగిపోతూ ఉంటుంది.
ఆ రెండు గీతల మధ్య ఖాళీలో
అమ్ముడుపోని బళ్ళు
రేవు పక్క మైదానంలో వానకి తడిసేవి.

నూట నలభై. తొంభై. అరవై రెండు.
ఒక చలికాలం వారానికి మూడు రోజులే ఫ్యాక్స్.
మిగతా రోజులు కంచెకి రంగేశాం,
గడ్డి పీకాం,
పీకడానికి గడ్డి అయిపోతే
నారాహాషి నేలకేసి చూస్తూ
"మొలిచేదాకా ఆగుదాం" అన్నాడు.
తోమియె ఆల్చిప్పలు ఒలిచే పాకకి వెళ్ళింది.
సూది పట్టిన చెయ్యి కత్తి పట్టింది.
నేను ఉండిపోయాను,
ఎంత చిన్న అంకెనైనా
గుణించే మనిషి ఒకరు కావాలి కదా.

కొత్త మోడల్ వచ్చిన ఏడు గీత లేస్తుంది,
మూడో ఏటికి అలుస్తుంది, ఐదో ఏట కూలబడుతుంది.
మళ్ళీ కొత్త దీపాలు, కొత్త ముక్కు, మళ్ళీ లేస్తుంది.
ఇందులో వింతేముంది అంటారు టై కట్టుకున్నవాళ్ళు.
నిజమే.
గీత లేచిన ప్రతిసారీ తోమియె తిరిగొచ్చేది,
చేతులకి ఉప్పువాసనతో.

మొన్న అక్టోబరులో
ఇకుషిమా అని, దీవిలో కమలాతోటలున్న ఆయన
ఇరవై ఎనిమిదేళ్ళ బండి వేసుకొచ్చాడు,
సీట్ల గుడ్డ మార్చాలని.
కుడి సీటు విప్పాను.
అతని నడుము, అతని కునుకు, అతని చెమట
అచ్చు పోసినట్టున్నాయి.
భుజం తగిలేచోట గుడ్డ ఉల్లిపొరయింది.

ఎడమ సీటు నిన్న కుట్టినట్టుంది.
అంచున తోమియె ముడి,
అందరూ రెండు వేసేచోట ఆమె మూడు వేసేది,
చెక్కుచెదరలేదు.
కుషన్ సందులో ఎండిన కమలా తొక్క.
నడిమధ్య నలుచదరంగా ఒక నొక్కు.
"అది బుట్ట" అన్నాడు, అడక్కుండానే.
నేను ఇంకేమీ అడగలేదు.
"ఇదీ మార్చమంటారా?"
కాసేపు చూశాడు.
"వద్దులే, కొత్తదేగా."

ఆ సాయంత్రం గ్రాఫు ముందు నిలబడ్డాను.
ఎరుపుకీ నీలానికీ కింద
ఇంకో గీత ఉండాలి:
నేను గుణించినవాటిలో
ఎన్నింటిమీద ఎవరైనా కూర్చున్నారో.
దానికి నా దగ్గర పెన్సిల్ లేదు.

తోమియెకి ఫోన్ చేసి ముడి సంగతి చెప్పాను.
"ఇన్నేళ్ళూ నిలిచిందా!" అని మురిసి,
కాస్త ఆగి,
"ఎవరూ కూర్చోకపోతే నిలవదూ మరి" అంది.

ఇవాళ ఫ్యాక్స్ ఆలస్యంగా వచ్చింది.
నలభై మూడు.
కాగితం ఇంకా వెచ్చగానే ఉంది.
పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది,
తర్వాత ఎప్పటిలాగే
ఎనభై ఆరు అని రాశాను.